విశాఖకు సింఫనీ ఆర్కెస్ట్రా ఎందుకు? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

విశాఖపట్నంలో వయొలిన్ నేర్పుతూ, పాశ్చాత్య స్వరలిపి చదవగలిగిన వారిని కూడగట్టుకొని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని కలిసి వాయించే ఒక చిన్న సింఫనీ ఆర్కెస్ట్రాను నడుపుతున్నాను. చర్చిలలో వాయించేవారు, నౌకాదళ బ్యాండు నుంచి పదవీ విరమణ పొందినవారు, కళాశాల విద్యార్థులు అందులో ఉన్నారు. ఈ పని గురించి ఊళ్ళో తరచుగా వినిపించే అపోహలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: ఇది మన సంగీతం కాదు, మన చెవికి ఎక్కదు.

వాస్తవం: వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ప్రముఖులైన బాలుస్వామి దీక్షితర్ దానిని పాశ్చాత్య పద్ధతిలోనే అభ్యసించారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితర్ ఇంగ్లీషు బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. నోట్టుస్వరాలుగా వాటిని నేటికీ పిల్లలకు నేర్పుతున్నాం. మన ఉత్తరాంధ్రలోనే, 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు కాగా, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ ఆచార్యులుగా చేరారు. ఆ తరువాత సాలూరి రాజేశ్వరరావుగారి సినిమా పాటల్లో వయొలిన్లు గుంపుగా పలుకుతుంటే విని పెరిగిన శ్రోతకు ఈ నాదం కొత్తది కాదు. పాట లేకుండా, గంటసేపు దానినే కూర్చుని వినే అవకాశం మాత్రమే కొత్తది.

అపోహ: ఏడాదికి రెండు మూడు కచేరీలు చేస్తే ఆర్కెస్ట్రా పని అయిపోయినట్టే.

వాస్తవం: కచేరీ ఈ పనిలో బయటికి కనబడే చిన్న భాగం మాత్రమే. మేము పాఠశాలలకు వెళ్ళినప్పుడు ముందుగా ఏమీ వాయించము. వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దదైన డబుల్ బాస్‌ను గది మధ్యలో నిలబెట్టి, దాని వీపు మీద అరచేయి ఆనించమని పిల్లలతో చెప్పి, అన్నిటికన్నా లావైన తీగ మీద కమానును నెమ్మదిగా లాగుతాము. చెక్క లోపలి కంపనం చేతిలోకి రాగానే చాలామంది పిల్లలు ఉలిక్కిపడి చేయి తీసేసి, మళ్ళీ తామే ఆనిస్తారు. ఆ తరువాత వాళ్ళు అడిగే ప్రశ్నల కోసమే మేము అక్కడికి వెళ్తాము.

వాద్యాల సంరక్షణ ఇంకొక పెద్ద పని. సముద్రపు ఊరిలో తేమకు చెక్క ఉబ్బి, తీగలను శ్రుతి చేసే బిరడాలు బిగుసుకుపోతాయి. అదే వాద్యాన్ని ఏసీ హాలులోకి తీసుకువెళ్తే అవి వదులై, శ్రుతి చేస్తుండగానే తీగ జారిపోతుంది. వానాకాలంలో అతుకుల దగ్గర జిగురు మెత్తబడి విడుతుంది, ఉప్పుగాలికి ఉక్కు తీగలు తుప్పు పడతాయి. విడిన అతుకును తగిన జిగురుతో సరిచేయగల మనిషి ఊళ్ళో ఉండాలంటే, ఆ పనిని క్రమం తప్పకుండా ఇచ్చేవాళ్ళు కూడా ఊళ్ళో ఉండాలి. ఒక ప్రాంతంలో ఆర్కెస్ట్రా నిలిచి ఉంటే గురువులు, మరమ్మతు చేసేవారు, స్వరపత్రాలు సిద్ధం చేసేవారు దాని చుట్టూ నిలదొక్కుకుంటారు. నా దృష్టిలో కచేరీల కన్నా ఇదే విలువైనది.

అపోహ: నౌకాదళ బ్యాండు ఉండగా మరొకటి ఎందుకు?

వాస్తవం: ఆ బ్యాండు మన నగరానికి గర్వకారణం. అయితే అది ప్రధానంగా గాలి వాద్యాలు, తాళవాద్యాల బృందం, దాని మొదటి బాధ్యత సైనిక విధులు. సింఫనీ ఆర్కెస్ట్రాలో సగానికి మించి తంత్రీవాద్యాలే ఉంటాయి. ఒకటి రెండో దాని లోటు తీర్చలేదు.

అపోహ: పాశ్చాత్య సంగీతం వింటే, వాయిస్తే పిల్లలకు మార్కులు పెరుగుతాయి.

వాస్తవం: తల్లిదండ్రులు ఎంతో ఆశతో ఈ మాట అడుగుతారు కాబట్టి సూటిగానే చెప్పాలి. దీనికి మూలం 1993లో వెలువడిన ఒక అధ్యయనం. మొజార్ట్ సంగీతం విన్న కళాశాల విద్యార్థులు ఆకారాలను మనసులో ఊహించే ఒక తరహా పరీక్షలో కొద్ది నిమిషాల పాటు కాస్త మెరుగ్గా చేశారని మాత్రమే అది చెప్పింది. చిన్నపిల్లల గురించి గాని, బడి చదువు గురించి గాని అందులో ఏమీ లేదు. మార్కుల కోసం పిల్లలను మా వద్దకు పంపవద్దని నేను కోరుతాను. రెండవ వయొలిన్ వరుసలో కూర్చున్న పిల్లవాడు తన ధ్వని పక్కవారి ధ్వనిని మించకుండా చూసుకుంటూ, నలభై లయమాత్రలు మౌనంగా లెక్కపెట్టి, సరిగ్గా తన చోట అందుకోవడం నేర్చుకుంటాడు. ఆ విద్యకు వేరే ప్రయోజనం చూపించనవసరం లేదు.

అపోహ: కర్ణాటక విద్యార్థి ఆర్కెస్ట్రాలో కూర్చుంటే గమకం పాడవుతుంది.

వాస్తవం: శ్రుతి వేరు, కూర్చునే తీరు వేరు. కర్ణాటక పద్ధతిలో వయొలిన్ తీగల శ్రుతి స-ప-స-ప, ఆర్కెస్ట్రాలో జి-డి-ఎ-ఇ. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే చేయి తడబడటం నిజమే. వేర్వేరు వేళల్లో, వీలైతే వేర్వేరు వాద్యాల మీద సాధన చేసేవారికి ఆ ఇబ్బంది రాలేదు. ఆకాశవాణి 1952లోనే వాద్యబృందాన్ని నెలకొల్పి మన విద్వాంసులను ఒకచోట కూర్చోబెట్టి వాయింపజేసింది.

అపోహ: మంచి ఆర్కెస్ట్రా అయితే టికెట్ల మీదే బతకాలి.

వాస్తవం: జర్మనీలో నూటికి పైగా ఆర్కెస్ట్రాలు ప్రజాధనంతో నడుస్తున్నాయి, అమెరికాలో విరాళాల మీద ఎక్కువగా ఆధారపడతాయి. మన దేశంలో 2006లో ముంబయిలో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా వెనుక కూడా ఒక జాతీయ కళాకేంద్రం ఉంది. స్వరకర్త మరణించి 60 ఏళ్ళు దాటితే మన చట్టం ప్రకారం ఆ రచనకు హక్కుల రుసుము ఉండదు కాబట్టి బీథోవెన్ మాకు ఉచితమే. హాలు అద్దె, వాద్యాలు, సాధనకు స్థలం మాత్రం ఉచితం కావు. స్థలం విషయంలో పాఠశాలలు, కళాశాలలు ఎంతో తోడ్పడగలవు. ఆదివారం ఉదయం ఖాళీగా ఉండే పెద్ద గది ఒకటి చాలు.

అపోహ: ఇంట్లో మూలపడిన పాత వయొలిన్ దానంతట అదే విలువ పెంచుకుంటుంది.

వాస్తవం: అటక మీద, తేమలో ఉన్న వాద్యం పాడవుతుందే గాని బాగుపడదు. అటువంటివి ఉన్నవారు మా వంటి బృందాలకు ఇస్తే, బాగు చేయించి కొనలేని పిల్లలకు వాడుకోవడానికి ఇవ్వగలము. ఇచ్చే ముందు తీగలన్నీ ఒకేసారి విప్పేయకండి. వయొలిన్ లోపల నిలబెట్టిన సౌండ్ పోస్ట్ అనే చిన్న చెక్క పుల్ల పడిపోతే దానిని తిరిగి నిలబెట్టడానికి నిపుణుడే కావాలి.