నేల తెగుళ్లు, వేరు రక్షణ: అపోహలు - వాస్తవాలు

అపోహ: వేరు నీటిని పీల్చే గొట్టం మాత్రమే, తెగులును అడ్డుకునే సత్తా దానికి లేదు.

వాస్తవం: సారవంతమైన మట్టిలో గ్రాముకు కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటాయి. వేరుకు ఆ సత్తాయే లేకపోతే ఏ మొలకా బతికి బట్టకట్టేది కాదు. బఠానీ మొలక వేరు కొనను నీటి చుక్కలో పెట్టి సూక్ష్మదర్శిని కింద చూడండి. కొన చుట్టూ పొగమంచులా వేల కణాలు విడివడుతుంటాయి. చాలాకాలం వాటిని మట్టికి ఒరుసుకుని రాలిన పొట్టుగానే లెక్కగట్టారు. నిజానికి అవి ప్రాణమున్న కణాలు. చుట్టూ జిగురును స్రవిస్తాయి, అందులోకి డీఎన్ఏను కూడా వదులుతాయి. మన రక్తంలోని కొన్ని తెల్లకణాలు సూక్ష్మజీవులను పట్టడానికి చేసే పనీ ఇదే. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ డీఎన్ఏను ఎంజైముతో కరిగించేశారు. అంతవరకు తట్టుకుని నిలిచిన వేరు కొనలకు శిలీంధ్రం పట్టేసింది.

అపోహ: తగిలిన ప్రతి సూక్ష్మజీవితోనూ వేరు పోరాడుతుంది.

వాస్తవం: అలా చేస్తే పెరగడానికి శక్తి మిగలదు. అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క వేరులో కణాలను లేజరుతో దెబ్బతీసి చూశారు (2020). బాక్టీరియా ప్రొటీను ముక్క ఒక్కటే తగిలితే పెద్దగా పట్టించుకోని కణాలు, పక్కన గాయం కూడా అయ్యేసరికి స్పందించాయి. అలాగని గాయం మేలు చేస్తుందనుకోకండి. నులిపురుగులు కొరికిన చోటు, మొదలు దగ్గర లోతుగా తవ్వినప్పుడు తెగిన వేరు, ఎండు తెగులుకు తెరిచిన తలుపులే.

అపోహ: మొక్క వాడిందంటే నీళ్లు చాలలేదన్నమాట.

వాస్తవం: ముందు మట్టిని వేలితో తాకి చూడండి. తడిగా ఉన్నా వాడుతుంటే కాండాన్ని నిలువుగా చీల్చండి. లోపల గోధుమరంగు చారలుంటే ఎండు తెగులును అనుమానించాలి. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం పైకి పాకకుండా మొక్క తన నీటి నాళాలను జిగురుతో, పక్క కణాల బుడిపెలతో తానే మూసేసుకుంటుంది. తట్టుకునే రకాలు ఆ పనిని త్వరగా, కొద్ది నాళాల్లోనే ముగిస్తాయి. తట్టుకోలేనివి ఆలస్యంగా, ఎక్కువ నాళాలను మూసుకుని దాహంతో చస్తాయి. అప్పుడు నీళ్లు పెట్టి ఏం లాభం? పైగా వేరుకుళ్లు కలిగించే పిథియం బీజాలు నీటిలో ఈదుకుంటూ వేరును చేరతాయి.

అపోహ: మట్టిలోని సూక్ష్మజీవులన్నిటినీ చంపేస్తే తెగులు రాదు.

వాస్తవం: ఖాళీ చేసిన మట్టిలోకి ముందు చొరబడేవాటిలో పిథియం ఒకటి. అక్కడ దానికి పోటీ ఉండదు. గోధుమనే ఏళ్ల తరబడి వేసిన కొన్ని నేలల్లో వేరు తెగులు మొదట పెరిగి, తర్వాత దానంతటదే తగ్గింది. వేరు స్రావాలు తిని పెరిగే సూడోమోనాస్ బాక్టీరియా తయారుచేసే యాంటీబయాటిక్ దీనికి ఒక ముఖ్య కారణమని తేలింది.

అపోహ: వాడిన మొక్క మొదట్లో ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) పోస్తే కోలుకుంటుంది.

వాస్తవం: నాళాల్లోకి దిగిన శిలీంధ్రం దానికి అందదు. ట్రైకోడెర్మాను విత్తనానికి పట్టించండి, లేదా విత్తే ముందే బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి వేయండి.