అయిదో తరగతి దాకా ఆటకు సారు లేడు

మన ఊళ్లల్లో ప్రైమరీ బడి పిల్లలకు పోటీ అంటే జనవరి 26. పరుగు పందెం, నోట్లో చెంచా పెట్టుకుని నిమ్మకాయ, కుర్చీలాట, గెలిస్తే జెండా దగ్గర ఓ స్టీలు గిన్నె. అన్నీ ఎవరికి వాళ్లు ఆడేవే. జట్టు కట్టి ఆడాలంటే హైస్కూలుకు పోవాల్సిందే. సార్లకు బద్ధకం అనుకుంటాం గానీ అసలు ఏర్పాటే అట్లా ఉంది.

దేశంలో బడుల మధ్య ఆటల పోటీలు పెట్టే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో పుట్టింది. ఆ పోటీల్లో మనకు తెలిసినవి అండర్-14, 17, 19. అండర్-14లో మూడో తరగతి పిల్లను దింపితే ఎనిమిదో తరగతి వాళ్ల కాళ్ల కింద పడుద్ది. ఆటల సార్ల (పీఈటీ) పోస్టులూ హైస్కూళ్ల చుట్టే తిరిగాయి. 2010 ఏప్రిల్ 1న విద్యా హక్కు చట్టం అమల్లోకి వచ్చి ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామాన్లు ఉండాలంది. మరి ఆడించేదెవరు? వ్యాయామానికి పార్ట్‌టైమ్ టీచర్‌ని ఆరు నుంచి ఎనిమిది తరగతులకే రాసింది, అదీ వంద మంది దాటితేనే. 2018లో వచ్చిన కేంద్ర బడుల పథకం సమగ్ర శిక్ష ప్రైమరీ బడికి ఏడాదికి 5 వేల దాకా ఆటల గ్రాంటు పెట్టింది, అంటే బంతి వచ్చింది, సారు రాలేదు. హనుమకొండ గల్లీల్లో అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో నడిచే ప్రైవేటు బడుల సంగతి సరే సరి, అక్కడ గ్రౌండే ఉండదు.

ఆ వయసు పిల్లల్ని పట్టించుకున్నది క్రీడా పాఠశాలలు. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. కానీ అక్కడ చూసేది ఎత్తు, బరువు, పరుగు, ఎంత దూరం దూకావు, మెడిసిన్ బాల్ అనే బరువు బంతి ఎంత దూరం విసిరావు అని. ఎంపికకు అది తప్పదు, నిజమే. మిగతా పిల్లల మాటేమిటి?

ఖోఖోనే తీసుకోండి. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో వాడు తరుముతాడు. వెనక నుంచి 'ఖో' పడేదాకా లేవొద్దు, లేచి ఓ వైపు కదిలాక స్తంభం దాకా వెనక్కి తిరగొద్దు. ఎనిమిదేళ్ల పిల్లగాడు కూర్చుని, చూస్తూ, తన వంతు కోసం ఆగడం, పక్కవాడి తప్పుకు జట్టంతా ఫౌల్ మోయడం, ఓడినా మళ్లీ వరసలో కూర్చోవడం, ఇవన్నీ ఆ కొద్ది నిమిషాల్లో నేర్చుకుంటాడు. లెక్కల్లో వెనకబడ్డ పిల్ల ఇక్కడ అందరికీ కావాల్సిన మనిషవుతుంది. నిమ్మకాయ-చెంచాలో ఇవేవీ లేవు.

చిన్న పిల్లలకు పోటీ టెన్షన్ కదా అనేవాళ్లున్నారు. నార్వేలో ఈ గొడవ ఎప్పుడో వచ్చింది, 1987లోనే పిల్లల క్రీడలకు నియమాలు రాసుకున్నారు. మ్యాచులు మానిపించలేదు, పదకొండో ఏడు వచ్చేదాకా ర్యాంకులు, పాయింట్ల పట్టికలు వద్దన్నారంతే. మనం సరిగ్గా తిరగేశాం: ఆ వయసులో చదువుకు ర్యాంకులు పెట్టి మ్యాచులు మానేశాం. ఒక స్కూల్ కాంప్లెక్స్‌లోని, అంటే చుట్టుపక్కల బడుల గుంపులోని, నాలుగు ప్రైమరీ బడులు నెలకో శనివారం ఖోఖో ఆడుకోవడానికి ఏ చట్టమూ అడ్డు లేదు, సున్నం గీతలు, రెండు కట్టెలు చాలు. విజిల్ పట్టే మనిషి పోస్టు మాత్రం ఇప్పటికీ హైస్కూల్లోనే ఉంది.