స్టాన్‌ఫర్డ్ డబ్బు ఎక్కడిది?

అమెరికా చదువుల మాట వస్తే మన ఇళ్లలో వినపడే పేర్లలో స్టాన్‌ఫర్డ్ ఒకటి. నిజానికి అది పదిహేనేళ్లకే పోయిన ఒక పిల్లాడి పేరు. యూనివర్సిటీ కట్టిన డబ్బు మాత్రం తండ్రిది, రైళ్ల మీద వచ్చింది.

తండ్రి లీలాండ్ స్టాన్‌ఫర్డ్ లాయరు. 1852లో విస్కాన్సిన్‌లో అగ్నిప్రమాదం ఆయన లా పుస్తకాలన్నిటినీ మింగేసింది. అన్నదమ్ముల బాట పట్టి కాలిఫోర్నియా చేరి, బంగారం తవ్వేవాళ్లకు సరుకులమ్మే కొట్టు పెట్టాడు. 1861లో హంటింగ్టన్, హాప్కిన్స్, క్రాకర్ అనే మరో ముగ్గురు వ్యాపారులతో కలిసి సెంట్రల్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ పెట్టాడు. నలుగురిలో రైలు మార్గం వేసిన అనుభవం ఒక్కరికీ లేదు. ఆ మరుసటి ఏడే ఆయన రాష్ట్ర గవర్నరు కూడా అయ్యాడు.

అసలు కిటుకు సర్కారు అప్పులో ఉంది. 1862 రైల్వే చట్టం ప్రకారం, వేసిన ప్రతి మైలు పట్టాలకూ సర్కారు కంపెనీకి బాండ్ల రూపంలో అప్పిచ్చేది: చదును నేలలో మైలుకు 16,000 డాలర్లు, కొండల్లో 48,000. మరి కొండ ఎక్కడ మొదలైనట్టు? శాక్రమెంటోకు ఏడు మైళ్ల దూరంలోని ఆర్కేడ్ వాగు దగ్గర అని రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త తేల్చాడు. అక్కడికి వెళ్లి చూస్తే కొండ జాడే ఉండదు. లింకన్ ఒప్పుకున్నాడు, కంపెనీకి పంట పండింది.

గవర్నరుగా తొలి ప్రసంగంలోనే చైనీయులను తక్కువ జాతి అన్న పెద్దమనిషి ఈయన. 1865 నుంచి ఆయన కంపెనీ సియెర్రా కొండల్లో సొరంగాలు తొలిపించింది వాళ్లతోనే. 1867 జూన్‌లో వాళ్లు జీతం పెంచమని, పని గంటలు తగ్గించమని సమ్మె చేస్తే క్రాకర్ తిండి సరుకులు ఆపేశాడు. వారం రోజుల్లో సమ్మె చతికిలబడింది. 1869 మే 10న తూర్పు నుంచి వచ్చిన పట్టాలు వీళ్ల పట్టాలతో ప్రోమొంటరీలో కలిసిన గుర్తుగా బంగారు మేకు దిగే వేళ సుత్తి పట్టింది మాత్రం స్టాన్‌ఫర్డే.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు 1884లో ఫ్లారెన్స్‌లో టైఫాయిడ్‌తో పోయాడు. ఆ దుఃఖంలోంచి వచ్చిన యూనివర్సిటీ 1891లో తెరుచుకుంది. రెండేళ్లకే స్టాన్‌ఫర్డ్ కన్నుమూశాడు. వెంటనే పాత అప్పు తలుపు తట్టింది. రైల్వే బాకీలో ఆయన వాటా కింద కోటిన్నర డాలర్లు కావాలని ఫెడరల్ ప్రభుత్వం ఆస్తి మీద దావా వేసింది. ఆస్తి కోర్టు చేతిలో ఇరుక్కుంది. భార్య జేన్ ఇంటి ఖర్చుకని కోర్టు ఇచ్చే సొమ్ములోంచే ప్రొఫెసర్లకు జీతాలిచ్చింది. 1896లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పాకే ఆ టెన్షన్ తీరింది.