అవ్వ పగడం రాయా, చెట్టుకు కాసిందా?

అనంతపురం

చిరంజీవులు చిన్నికి, అబ్బికి తాత ఆశీస్సులు.

"అవ్వ నల్లపూసల మధ్య ఉండే పగడం రాయా, చెట్టుకు కాసిందా?" అని చిన్ని అడిగింది. రెండూ కాదు తల్లీ. మధ్యధరా సముద్రంలో కొరాలియం రుబ్రమ్ అనే జీవి ఉంది. దాని కొమ్మల లోపలి గట్టి భాగాన్ని కోసి, సానబట్టి పూసలు చేస్తారు. భూతద్దం పెట్టి చూస్తే అసలైన పగడం మీద సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి పోతుంటాయి. గాజు పూసలో ఆ గీతలు ఉండవు.

ఈ కొరాలియానికి పెద్ద చుట్టరికమే ఉంది. మెత్తటి పగడాలు, విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్లు, ఇసుకలో నిలబడే సీ పెన్నులు అన్నీ దాని బంధువులే. వీటిలో ప్రతి కొమ్మ మీదా వందల పాలిప్‌లు ఉంటాయి. ఒక్కో పాలిప్ ఒక్కో చిన్న జంతువు. దాని నోటి చుట్టూ సరిగ్గా ఎనిమిది స్పర్శకాలు, అంటే తడిమి చూసే చిన్న చేతుల్లాంటివి, ఒక్కోదానికి రెండు పక్కలా సన్నటి పోగులు. గుర్తించడంలో మొదటి మెట్టు ఈ ఎనిమిదే. దిబ్బలు కట్టే రాతి పగడాలకు ఆరో, ఆరు గుణిజాలో ఉంటాయి. నల్ల పగడం కూడా కొమ్మలేసి సీ ఫ్యాన్‌లాగే కనబడి మోసం చేస్తుంది. దాని స్పర్శకాలు ఆరు, లోపలి కాండం నిండా చిన్న చిన్న ముళ్లు. సీ ఫ్యాన్ కాండం మీద ముళ్లు ఉండవు.

ఇక ఏ జాతి అన్నది తేల్చడం. మన చేలో చెనిక్కాయ చెట్టును చూసి అది కదిరి-6 రకమో, టీఎంవీ-2 రకమో మీరు చెప్పగలరా? ఎర్ర నేలలో ఒక తీరుగా ఉంటుంది, వానలు కురిస్తే ఒక తీరు, ఎండితే ఇంకో తీరు. కళ్లంలో పెద్దవాళ్లు ఏం చేస్తారు? కాయ చేతిలోకి తీసుకుని ముక్కు ఎంతుంది, నడుము ఎంత నొక్కుకుపోయింది, పైన గీతలు ఎట్లున్నాయి అని చూస్తారు. తర్వాత ఒలిచి గింజ చూస్తారు. పగడాల దగ్గరా ఇదే పద్ధతి. నీటి ఉరవడి ఎక్కువున్న చోట, తక్కువున్న చోట ఒకే జాతి వేరు వేరు ఆకారాల్లో పెరుగుతుంది. కాబట్టి పగడం ఆకారం చెట్టు లాంటిది, దాన్ని నమ్మలేం. చూడాల్సిన గింజ వేరే ఉంది.

ఆ గింజ పేరు స్క్లెరైట్. పగడం ఒంట్లో పుట్టే సున్నపు రేణువు అది. చాలావాటిలో మిల్లీమీటరులో పదో వంతో, పదింట రెండు మూడు వంతులో ఉంటుంది. సైన్యులేరియా అనే మెత్తటి పగడం అడుగు భాగంలో మాత్రం కంటికి కనబడేంత పెద్దవి ఉంటాయి. బెలుం గుహల రాయి ఏ కాల్షియం కార్బొనేటో ఇదీ అదే. కొన్ని కదురులా, కొన్ని గదలా, కొన్ని రెండు తలల డంబెల్‌లా, మీద బుడిపెలతో ఉంటాయి.

ల్యాబులో ఎలా ఒలుస్తారంటే, బియ్యపు గింజంత ముక్క కోసి గాజు పలక మీద పెట్టి, సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ నాలుగైదు చుక్కలు వేస్తారు. బుడగలు లేస్తూ మెత్తటి కండ కరుగుతుంది, అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. పై నీటిని మెల్లగా తీసేసి మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడగాలి. సరిగా కడగకపోతే ఆరినప్పుడు ఉప్పు పలుకులు పుట్టి స్క్లెరైట్లను కప్పేస్తాయి. ఒక్క ముక్క చాలదు. కాయ తొక్క వేరు, గింజ వేరు అయినట్టు పగడం పైపొర స్క్లెరైట్లు వేరు, లోపలివి వేరు, కొన చివరివి వేరు, మొదలు దగ్గరివి వేరు. నాలుగు చోట్ల నుంచీ విడివిడిగా తీయాలి, కలపకూడదు. ఈ బ్లీచ్ పని మాత్రం మీ టీచరు దగ్గరే చేయాలి. ఆసిడ్‌తో కలిస్తే ప్రాణం తీసే క్లోరిన్ వాయువు వస్తుంది.

తడి తగిలిన చెనిక్కాయ గింజ బూజు పట్టి చెడినట్టు, పగడం ముక్కను ఫార్మలిన్‌లో, అంటే ల్యాబుల్లో జీవుల్ని కుళ్లకుండా దాచే ద్రవంలో, దాస్తే స్క్లెరైట్లు పోతాయి. ఫార్మలిన్ నిలవ ఉండగా ఆమ్లమవుతుంది, సున్నం కరుగుతుంది. జన్యు పరీక్షకూ పనికిరాదు. ఆల్కహాల్‌లోనే దాచాలి. ఆమ్లానికి సున్నం కరుగుతుందని నమ్మకం కుదరకపోతే కోడిగుడ్డు పెంకు నిమ్మరసంలో వేసి చూడండి.

మెత్తటి పగడాల్లో మూడింటిని తరచూ కలిపేస్తారు. సార్కోఫైటాన్‌ది పుట్టగొడుగు ఆకారం, నున్నటి కాడ. లోబోఫైటాన్ పొట్టిగా, పైన గట్లు, తమ్మెలు. ఈ రెండింటిలో మామూలు పాలిప్‌లతో పాటు నీళ్లు లోపలికి లాగే బుల్లి పాలిప్‌లు కూడా ఉంటాయి. సైన్యులేరియాలో ఒకే రకం. ఈ ఒక్క గుర్తుతో అది వేరుపడుతుంది. అయితే సైన్యులేరియాలోనే 150కి పైగా జాతులున్నాయి, అక్కడ స్క్లెరైట్ చూడక తప్పదు. సీ ఫ్యాన్లలో మెలిథియాకు కొమ్మల మీద ఉబ్బిన కణుపులుంటాయి, అక్కడే విరుగుతుంది. సబర్గోర్జియా కొమ్మ పొడవునా గాడి ఉంటుంది. కరీబియన్ సముద్రంలో గోర్గోనియా వెంటలినా, గోర్గోనియా ఫ్లాబెల్లమ్ అని రెండున్నాయి. ఒకదాని కొమ్మలు విసనకర్ర పరుపు వైపే చదునుగా, రెండోదాని కొమ్మలు దానికి అడ్డంగా చదునుగా ఉంటాయి. ఎంత చిన్న తేడా!

గింజకూ అందని సంగతి ఒకటుంది పిల్లలూ. 2022లో జన్యువులు పోల్చి ఈ కుటుంబాన్నంతా మలాకాల్సియోనేసియా, స్క్లెరాల్సియోనేసియా అని రెండు క్రమాలుగా, అంటే రెండు పెద్ద గుంపులుగా, విడదీశారు. విసనకర్ర ఆకారం రెండింటిలోనూ ఉంది! కొరడాలా పెరిగే జున్సెల్లాకు, ఇసుకలో గుచ్చుకునే సీ పెన్నుకు దగ్గరి చుట్టరికం తేలింది. ఆకారంలో ఒకటికొకటి పొంతనే లేదు. అదెలా జరిగిందో ఈ ఉత్తరంలో చెప్పడం నా వల్ల కాదు, తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

వచ్చే సెలవుల్లో రామేశ్వరం పోతారు గదా. ఒడ్డున ఎండిన సీ ఫ్యాన్ దొరికినా, అంగట్లో అమ్ముతున్నా ముట్టుకోవద్దు, కొనవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో 2001లో వీటిని చేర్చారు. ఫొటో మాత్రం తీయండి, ఒక్కటి కాదు, మూడు. మొత్తం చెట్టంతా ఒకటి, మొదలు ఒకటి, కొమ్మ చివర దగ్గరగా ఒకటి. ప్రతిదాని పక్కనా స్కేలు పెట్టండి. వెనుక తేదీ, చోటు రాసి నాకు పంపండి, కూర్చుని చూద్దాం.

మీ తాత