లలిత సంగీతానికి రేడియోలో చోటు ఎలా తగ్గింది

సినిమా పాట కాదు, కచేరీలో పాడే కృతీ కాదు. మంచి కవిత్వం, చెవికి హాయైన వరస, నాలుగైదు నిమిషాల్లో ముగిసే పాట. తెలుగులో లలిత సంగీతం అంటే మొదట గుర్తొచ్చేది ఆకాశవాణే. ఆ పాట రేడియోలో ఇప్పుడు అరుదుగా వినిపిస్తోంది. శ్రోతల అభిరుచి పడిపోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. దీని వెనక ఉన్నది ప్రభుత్వ నిర్ణయాలు, డబ్బు.

1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతమంటే ఆయనకు ప్రాణం, సినిమా పాటంటే గిట్టదు. సినిమా పాటలకు ఇచ్చే సమయాన్ని బాగా కోసేశారు. పాటతో పాటు సినిమా పేరు చెబితే అది ప్రచారమే అవుతుందని దాన్నీ ఆపించారు. నిర్మాతలకు కోపం వచ్చి పాటల హక్కులు వెనక్కి తీసుకున్నారు. జనం శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కు ముల్లు తిప్పుకున్నారు. అదే ఏడాది చివర్లో అక్కడ అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది.

ఇటు ఖాళీ అయిన సమయాన్ని నింపడానికి ఆకాశవాణి తానే పాటలు చేయించుకుంది. కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలు వచ్చాయి. తెలుగువాళ్లం దీన్ని సున్నా నుంచి మొదలుపెట్టలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు మద్రాసు కేంద్రంలో 1940లలోనే ఈ బాట వేశారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి కవులు రేడియో కోసం రాశారు. 'ఈ మాసపు పాట' నెల పొడుగునా వినిపించేది. అదే పాట మళ్లీ మళ్లీ వస్తుంటే వినేవాళ్లకు సాహిత్యంతో సహా నోటికి వచ్చేసేది. పాడేవాళ్లు ఆడిషన్ నెగ్గి గ్రేడు తెచ్చుకోవాలి. 'బి' కంటే పై మెట్టైన 'బి హై' గ్రేడు వచ్చిందంటే ఇంట్లో పండగే! కవికీ, గాయకుడికీ, వాద్యకారుడికీ పారితోషికం ఇచ్చి కొత్త పాట పుట్టించే ఇలాంటి ఏర్పాటు మనకు మరొకటి లేదు.

సిలోన్ పోటీ తట్టుకోలేక 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే ఆకాశవాణిలో వినోదం కోసం వివిధ భారతి తెచ్చింది. సినిమా పాట సగౌరవంగా తిరిగొచ్చింది. 1967లో అందులో ప్రకటనలు మొదలయ్యాయి. అసలు మలుపు ఇక్కడేనని నా అభిప్రాయం. సబ్బుల కంపెనీకి జనం ముందే ఎరిగిన పాట కావాలి, రేపు నేర్చుకోబోయే పాట కాదు. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది, 2006లో హైదరాబాద్‌కూ ఎఫ్ఎంలు చేరాయి. లైసెన్సు ఫీజు కట్టి, ప్రకటనల మీదే బతికే స్టేషన్ కొత్త సినిమా హిట్లను వదిలి ప్రయోగాలు చేయలేదు.

యూనివర్సిటీ యువజనోత్సవాల్లో లలిత సంగీతం పోటీ ఇప్పటికీ ఉంది. అక్కడ పిల్లలు పాడే పాటల్లో రేడియో కోసం పుట్టినవి ఎన్నో. పాడే గొంతులకు కొదవ లేదు. వాళ్లకోసం నెలకో కొత్త పాట రాయించే చోటే కరువైంది.