సిలువ స్వరూపం నుంచి కారేది రక్తం కాదు, జంగు (తుప్పు)

తొలకరి పడిన వారంలోపే వాట్సాప్‌లో వీడియోలు మొదలవుతాయి. ఆరుబయట నిలబెట్టిన సిమెంటు సిలువ స్వరూపం (సిలువ మీది యేసు విగ్రహం), అరచేతి నుంచి మోచేతి వైపు ఎర్రటి చార, కింద కొవ్వొత్తులు, వెనక ఎవరిదో ఏడుపు. కొందరు అద్భుతమంటారు, కొందరు ఊరికి కీడంటారు. ఇంకొందరు చప్పుడు చేయకుండా ఆ చార మీద ఒక చేయి పెయింటు లాగించేస్తారు. స్వరూపానికి ఎక్కువ చేటు చేసేది ఈ మూడోవాళ్లే. కాజీపేట, హన్మకొండ చుట్టుపక్కల స్వరూపాలు చేసి, బాగుచేసే వాళ్లందరికీ ఏటా ఎదురయ్యే గొడవ ఇది.

అపోహ: సరిగ్గా గాయాల దగ్గరే కారుతోంది కాబట్టి అది మామూలు నీరు కాదు.

వాస్తవం: గాయాలున్న చోటే ఇనుము ఉంటుంది. అరచేతుల్లో, పాదాల్లో దిగ్గొట్టినవి నిజమైన ఇనుప మేకులు. ముళ్ల కిరీటం లోపల బైండింగు తీగ. పక్కలో బల్లెపు పోటు కోసం గాడి తీస్తారు, వాన నీరు నిలిచేది అందులోనే, సిమెంటు పలచబడేదీ అక్కడే. చేతుల్లో 6 లేదా 8 మిల్లీమీటర్ల సలాక (ఇనుప కడ్డీ) వేస్తారు. ఇంటి దూలంలో సలాక మీద కనీసం 25 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండేలా చూస్తాం. స్వరూపం మణికట్టు సన్నగా, అందంగా రావాలి కాబట్టి అక్కడ 5 మిల్లీమీటర్లు కూడా మిగలదు. కొత్త సిమెంటులోని క్షారగుణం సలాకను కొన్నేళ్లు కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ గుణాన్ని మెల్లగా చంపేస్తుంది. ఆ తర్వాత తడి తగిలితే జంగు. జంగు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. చోటు లేక సిమెంటును పగలగొడుతుంది. ఆ పగులులోకి ఇంకా నీరు దిగి, గోధుమ ఎరుపు రంగుతో కింది కంతలోంచి బయటికొస్తుంది.

అనుమానం ఉంటే చార ఆరాక గోటితో గీకండి, ఇటుకరంగు పొడి రాలుతుంది. నిమ్మరసంలో ముంచిన గుడ్డను కాసేపు ఆనించి ఉంచితే మరక పలచబడుతుంది. చార మొదలైన చోట అయస్కాంతం పెడితే లోపల మేకో సలాకో పట్టి చెబుతుంది.

ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు ఆ నీటిని సీసాలో పట్టుకుపోతుంటే ఎగతాళి చేయబుద్ధి కాదు. కానీ తాగొద్దు, కళ్లకు రాయొద్దు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చు. 2012 మార్చిలో ముంబయి విలే పార్లేలో ఒక సిలువ స్వరూపం పాదాల దగ్గర నీరు కారితే జనం అలాగే పట్టుకెళ్లారు. మూసుకుపోయిన మురుగు కాలువ నీరే గోడలోంచి ఎగబాకుతోందని హేతువాది సనల్ ఎడమరుకు చెప్పారు. దానికి ఆయన మీద కేసులు పెట్టారు, ఆయన ఫిన్లాండ్ వెళ్లిపోయారు. కతోలిక సభ కూడా ఇలాంటి వాటిని ఊరికే అద్భుతమని ఒప్పుకోదు. పరిశీలించాల్సింది మేత్రాసనం (డయోసిస్) బిషప్పు. 2024 మే 17న వాటికన్ ఇచ్చిన నియమాల ప్రకారం మామూలుగా ఆయన కూడా దేన్నీ దైవికమని ప్రకటించరు. వీడియో పంపే ముందు విచారణ గురువుకు (మీ గుడి ఫాదర్‌కు) చెప్పండి, ఆయన కన్నా ముందు మేస్త్రీకి చెప్పినా తప్పులేదు.

ఇక పెయింటు సంగతి. ఏటా మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) ముందు ఒక కోటు ఎనామిల్ వేస్తే స్వరూపం కొత్తగా ఉంటుందనుకోవడం ఈ విషయంలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ. ఎనామిల్ అంటే ఆయిల్ పెయింటు, అది లోపలి తడిని బయటికి పోనివ్వదు. మేలో మన ఎండ 44 డిగ్రీలకు పోయినప్పుడు ఆ తడి ఆవిరై పొరను బొబ్బలు తేలుస్తుంది, లోపల జంగు పని జంగు చేసుకుంటూ పోతుంది. పైకి మెరుస్తున్న చేయి ఒకరోజు భుజం దగ్గర ఊడి కింద పడుతుంది. నాలుగైదు అడుగుల స్వరూపం చేయి కిలోల బరువుంటుంది, కింద పిల్లలు మోకరిల్లుతారు.

సరైన పద్ధతి ఇది. చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. డొల్ల చప్పుడు వచ్చిన మేర సుద్దతో గీసి, ఉలితో తీసేయండి. సలాక వెనకవైపు కూడా వేలు దూరేంత ఖాళీ కావాలి. ముందు మాత్రమే గీకి పూడిస్తే వెనక జంగు మళ్లీ తోస్తుంది. వైరు బ్రష్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, అదే రోజు జింకు ప్రైమర్ కొట్టండి. సలాకను జంగు నాలుగో వంతుకు మించి తినేసి ఉంటే దాని పక్కన 304 స్టెయిన్‌లెస్ సలాక జోడించాలి. తర్వాత ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటు బాగా అతుక్కోవడానికి కలిపే రబ్బరు ద్రవం) ఒక పాలు, నీళ్లు ఒక పాలు, సిమెంటు మూడు పాళ్లు కలిపి పూయండి. అది ఆరకముందే, జిగటగా ఉండగానే, ఒకటికి మూడు పాళ్ల జల్లించిన ఇసుకతో లేటెక్స్ కలిపిన మాలు పెట్టాలి. ఒక్కో పొర 10 మిల్లీమీటర్లు దాటొద్దు. ఏడు రోజులు తడి గోనెసంచి కప్పండి. రంగు మాత్రం 28 రోజుల తర్వాతే, అదీ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడలకు వేసే నీటి రంగు). గాయాలకు మెరిసే ఎరుపు రెండు ఎండలకే గులాబీ అయిపోతుంది. రెడాక్సైడ్ నిలుస్తుంది (జంగూ అదీ ఒకే జాతి, ఏం చేస్తాం). ఇనుప మేకులు పీకేసి స్టెయిన్‌లెస్‌వి పెట్టండి. రాగి తీగతో కిరీటం అల్లితే నుదుటి మీద పచ్చ చారలొస్తాయి.

లెక్క వేసుకుంటే నెలన్నర పని. గుడ్ ఫ్రైడేకి పదిరోజుల ముందు ఫోన్ చేస్తే పెయింటే గతి. వానలు తగ్గాక, నవంబరులో మొదలుపెట్టండి.

ఆరుబయటకు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అసలే వద్దు, అది నీళ్లలో కరుగుతుంది. ఫైబర్‌కు జంగు రాదన్నది సగమే నిజం. లోపలి బోల్టుకు వస్తుంది.

మిగతా అపోహలు గబగబా.

సిలువ కింద పుర్రె, రెండు ఎముకలు చూసి చేతబడి అంటూ గొడవ చేసిన ఊళ్లున్నాయి. అది యేసును సిలువ వేసిన గొల్గొతాకు గుర్తు, సువార్తల్లోనే ఉంది, కపాల స్థలం అని. ఆదాము సమాధి అక్కడే అన్నది పాత సంప్రదాయం. ఉలితో చెక్కించేయకండి. వ్యాకుల మాత గుండెలో ఏడు కత్తులున్న పటం ఇంట్లో ఉంటే దుఃఖం వస్తుందన్నదీ ఇలాంటి పుకారే. అవి మరియమ్మ ఏడు వ్యాకులాలు. తపస్సు కాలం (ఈస్టర్ ముందు ఉపవాస రోజులు) చివర స్వరూపాలకు ఊదా గుడ్డ కప్పితే మైల అనుకోవద్దు, సిలువది గుడ్ ఫ్రైడే నాడు, మిగతావాటిది ఈస్టర్ జాగరణకు తీసేస్తారు.

రక్తం ఎంత ఎక్కువ పూస్తే అంత భక్తి అనుకునేవాళ్లు సినిమా ఫోటో తెచ్చి చూపిస్తారు. తొలి శతాబ్దాల్లో సిలువ మీద యేసును కళ్లు తెరిచి, నొప్పి లేకుండానే చూపించేవారు. తల వాల్చిన పెద్ద చెక్క స్వరూపాల్లో పాతది జర్మనీలోని కొలోన్‌లో ఉంది, సుమారు 970 నాటిది. జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512-1516 మధ్య ఐసెన్‌హైమ్‌లో ఒళ్లంతా పుండ్లతో గీశాడంటే, ఆ మఠంలో చర్మం కుళ్లే జబ్బు రోగులుండేవారు. వాళ్ల కోసం గీసిన బొమ్మ అది. మన గుడికి ముఖం కనపడనిస్తే చాలు.

సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంటు సంఘం) వాళ్లకు యేసు బొమ్మ లేని ఖాళీ సిలువే ఉండాలా? వాళ్లదే అయిన మెదక్ కెథడ్రల్ రంగు అద్దాల్లో ఒకటి సిలువ మరణమే. ఇవన్నీ దొరల సరుకు అనేవాళ్లు జాషువా క్రీస్తు చరిత్ర పద్యాలు చదవాలి. 1964లో సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. క్లినిక్ బోర్డు మీద తెలుపులో ఎర్ర ప్లస్ గీయమని అడిగేవాళ్లకు ఒక మాట: అది స్విట్జర్లాండ్ జెండా రంగులు తిరగేసిన రెడ్‌క్రాస్ గుర్తు. 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడటం నేరం. ఆకుపచ్చ ప్లస్ గీయించుకోండి.

బాగుకాని స్వరూపాన్ని చెరువులో వేయొద్దు, చెత్త బండికీ ఇవ్వొద్దు. ముక్కలు చేసి, సలాక వేరుచేసి, గుడి ఆవరణలో మనుషులు తొక్కని మూల రెండడుగుల లోతున పూడ్చండి. చెక్కదైతే కాల్చి, బూడిద పూడ్చొచ్చు. ముందు ఫాదర్‌ను అడగండి.