మామయ్య తలకి వేసిన పటం

మల్లేశ్వరం, బెంగళూరు

చిట్టీ, నానీ!

మామయ్య ఆపరేషన్‌కి ముందు అన్ని స్కాన్లు ఎందుకని అడిగారుగా. ఫోన్లో చెప్తే సగమే వింటారు, అందుకే రాస్తున్నా.

మామయ్య మెదడులో గడ్డ ఎడమవైపు, మాటలు పలికించే చోటు పక్కనే ఉంది. ఆ చోటు సంగతి 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చెప్పాడు. ఏమడిగినా "టాన్" అని మాత్రమే అనగలిగే రోగి ఒకడు చనిపోతే, మెదడు తీసి చూశాడు, ఆ చోటే పాడైపోయి ఉంది. అప్పట్లో మనిషి పోతేగానీ తెలిసేది కాదు మరి. ఇప్పుడు బతికుండగానే చూడొచ్చు. చూడాలి కూడా, ఎందుకంటే గడ్డ పక్కవాటిని నెట్టేస్తుంది.

మామూలు ఎమ్మారై ఆకారం చూపిస్తుంది. ఫంక్షనల్ ఎమ్మారై ఏ భాగం పనిలో ఉందో చూపిస్తుంది. మెదడులో పనిచేసే చోటికి రక్తం కావలసినదానికంటే ఎక్కువే వస్తుంది, పెళ్ళి వడ్డనలాగా. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఎమ్మారై యంత్రంలోని అయస్కాంతం దగ్గర ఒకేలా ఉండవు. ఆ తేడాతో మెదడు బొమ్మ తీయొచ్చని 1990లో సెయిజి ఒగావా అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. అంటే యంత్రానికి కనబడేది రక్తమే, ఆలోచన కాదు. అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా.

లోపల తల కదపకుండా పడుకుని, 'క'తో మొదలయ్యే మాటలు మనసులో అనుకోవాలి. ఏ భాషలో? ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం! రెండు భాషల చోట్లు పూర్తిగా ఒకటే కాకపోవచ్చని రెండింట్లోనూ చేయించారు. తెలుగులో కాకరకాయ, కందిపప్పు, కరివేపాకు అనుకున్నాడట. అన్నీ వంటింటివే! కన్నడంలో కడలెకాయి దగ్గరే ఆగిపోయాడట.

అయితే ఆ పటాన్నే పూర్తిగా నమ్మరు. గడ్డ చుట్టూ రక్తనాళాల తీరు మారి, పనిచేసే చోటు కూడా బొమ్మలో వెలగకపోవచ్చు. పైగా పుర్రె తెరిచాక మెదడు కాస్త కుంగుతుంది. అందుకే ఆపరేషన్ మధ్యలో మెలకువ తెప్పించి, బొమ్మలు చూపిస్తూ పేర్లు చెప్పించారు. భయపడకండి, మెదడుకి నొప్పి తెలియదు, తల చర్మానికి మత్తిస్తారు. సన్నని కరెంటు తాకించినప్పుడు మాట ఆగిన చోట చిన్న అంకె చీటీ పెట్టి, అక్కడ కోయకుండా వదిలేస్తారు. మామయ్యకి గొడుగు, బిందె వచ్చాయి, తాళం దగ్గర నోరు పెగల్లేదట. కొంచెం గడ్డ అక్కడ మిగిలింది. మిగిలితే మిగిలింది, వాడు నన్ను "అమ్మా" అంటున్నాడు.

ఆదివారం ఫోన్ చేయండి. మామయ్య మాట కోసం తడుముకుంటుంటే మీరు అందించకండి, కాస్త ఆగండి. స్పీచ్ థెరపీ ఆవిడ మరీ మరీ చెప్పింది.

మీ అమ్మమ్మ